ఊడ్వమన్నది నేనే

గడియారం సెంటర్ దగ్గర దోసెల పిండి రుబ్బి అమ్మే చిన్న దుకాణం ఒకటి ఈమధ్య పెట్టారు. ఉదయం ఆఫీసుకు పోతూ దాని ముందు నుంచి నడిస్తే పులిసిన పిండి వాసన ముక్కుకు తగులుతుంది. ఎండాకాలంలో అది మరీ ఘాటు. పక్కన నడిచేవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం నడక నెమ్మదిస్తాను. ఆ వాసన నన్ను మా ఇంటి మేడ మీదికి తీసుకుపోతుంది. అక్కడ నీలిరంగు ప్లాస్టిక్ బకెట్ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాయి ఎత్తి లోపలి వాసన చూసే ఒక సన్నని పొడుగాటి మనిషి కనిపిస్తుంది. పేరు సెలామ్. దేశం ఇథియోపియా. మా నల్గొండ జిల్లాలో భర్తతో, కూతురితో మూడేళ్లు ఉంది. మా అమ్మ నోట ఆమె మొదటి వారంలోనే సలామమ్మ అయింది. తరువాత వాడకట్టంతా అదే పేరుతో పిలిచారు.

ఆమె గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాయలేకపోవడానికి కారణం బద్ధకం కాదు. నా గురించి మా ఊళ్లో ఒక మంచి మాట చెప్పుకుంటారు. దేశం కాని దేశం నుంచి వచ్చిన కుటుంబానికి నీడనిచ్చినవాడు మల్లేశం సార్ అని. పోయిన నెల మా కాలనీ సమావేశంలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లకు నన్ను అలాగే పరిచయం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టి కూర్చున్నాను. ఆ చప్పట్లు నాకు చెందినవి కావు. ఎవరికి చెందినవో చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్లు పట్టింది.

సెలామ్ భర్త దావీత్ మా ఊరి బయట ఉన్న విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయడానికి వచ్చాడు. రాష్ట్రం వచ్చిన తరువాత మూడో ఏడో, నాలుగో ఏడో. ఒక సంవత్సరం హాస్టల్లో ఉండి, ఆ తరువాత భార్యనూ ఆరేళ్ల కూతురు మార్తనూ తెచ్చుకున్నాడు. నాలుగిళ్లలో కాదన్నాక మా ఇంటికి వచ్చాడు. మేడ మీది వాటా ఆరు నెలలుగా ఖాళీగా ఉంది కాబట్టి నేను సరేనన్నాను. అందులో నా మంచితనం ఏమీ లేదు. నా భార్య సరిత మాత్రం, వాళ్లు ఏం వండుకుంటారో ఏమో అని కొంత వెనకాడింది. మా అమ్మ బుచ్చమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "ఏం వండుకుంటరే? ఆకలైనప్పుడు ఏది దొరికితే గది వండుకుంటరు."

మేము కురుమలం. అమ్మ యాభై ఏళ్లు వచ్చేదాకా గొర్రెల వెంట తిరిగిన మనిషి. ఎండాకాలం మేత కరువైతే మందను తోలుకొని ఆత్మకూరు దాకా, కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్లు. పరాయి ఊళ్ల చేలల్లో పడుకుని, పరాయి వాళ్ల బావుల్లో నీళ్లు తోడుకుని నెలల తరబడి బతికేవాళ్లు. కొత్త చోటికి వచ్చినవాళ్లకు మొదట ఏం తెలియాలో ఆమెకు బాగా తెలుసు. నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఎవరిని ఏం అడగవచ్చు, ఏ కుక్క కరుస్తుంది. సెలామ్‌కు ఆ మూడూ మొదటి మూడు రోజుల్లో చెప్పేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఎక్కడా ఆగలేదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వచ్చేవి. అమ్మ కింద నుంచి మెట్ల కమ్మీని కట్టెతో టంగు టంగున కొట్టేది. పైనుంచి సెలామ్ రెండు బిందెలతో దిగేది.

వాళ్లు వచ్చింది మే నెలలో. ఎత్తైన కొండల మీద చలి ఊరు వాళ్లది. మొదటి పదిహేను రోజులు ఆ చిన్నపిల్ల కూలర్ ముందు నుంచి లేవలేదు. సెలామ్ మాత్రం రెండో వారానికే కూరగాయల బండి దగ్గర నిలబడి మాట్లాడుతోంది. వాళ్ల దేశంలో మనిషి ఎదురైతే ఒక్క మాటతో పలకరించి పోరట. నువ్వు ఎట్లా ఉన్నావు, మీ అమ్మ ఎట్లా ఉంది, పిల్లలు, పశువులు, పంట, అన్నీ అడగాలి. అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడాలి. ఆ పలకరింపులన్నీ మా అమ్మ దగ్గర ఒక్కొక్కటిగా తెలుగులో నేర్చుకుంది. అందుకే ఆమెకు వచ్చిన తెలుగు అచ్చంగా మా అమ్మ తెలుగు. కరెంటు బిల్లు ఇచ్చే అబ్బాయిని కూడా మీ నాయినకు దగ్గు తగ్గిందా అని అడిగేది. కూరగాయల బండి అతను నాతో ఒకసారి నవ్వుతూ అన్నాడు. "సార్, మీ సలామమ్మ టమాటల బేరం చేస్తలేదు. నా మేక ఈనిందా అని అడుగుతాంది. నేనేమో మేక ముచ్చట్ల పడి కిలోకు పది రూపాలు తక్కువ తీస్కుంటి." మొదట్లో నవ్విన వాళ్లే కొన్నాళ్లకు ఆమె పలకరించకపోతే ఏమైందని అడిగేవాళ్లు.

వాళ్ల తిండి మాత్రం వెంటనే కుదరలేదు. వాళ్లు రోజూ తినే రొట్టె వెడల్పుగా, మెత్తగా, పైన చిన్న చిన్న కళ్లతో ఉంటుంది. దాని పేరు ఇంజెరా. అది చేసే గింజ ఇక్కడ దొరకదు. జొన్న పిండితో చేస్తే విరిగింది. సజ్జ పిండితో చేస్తే చేదెక్కింది. మూడో నెలలో అమ్మ ఊరి నుంచి తైదలు, అంటే రాగులు, తెప్పించి, గింజను వేళ్ల మధ్య నలిపి చూపించింది. సెలామ్ ఆ గింజను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. తైద పిండి మూడు రోజులు పులియబెట్టి పోస్తే రొట్టె నిలిచింది. ఆ రోజు పళ్లెం మీద గుడ్డ కప్పి కిందికి తెచ్చింది. వాళ్ల ఆచారం ఒకటుంది. గౌరవించే మనిషికి రొట్టె ముక్కలో కూర చుట్టి తమ చేత్తో నోట్లో పెడతారు. అమ్మ నోరు తెరిచింది. నమిలి మింగింది. తన తల్లి పోయిన తరువాత తన నోట్లో ముద్ద పెట్టినవాళ్లు లేరని చెప్పింది. తరువాత సెలామ్ నా వైపు తిరిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, నేను తీసుకుంటాలే అన్నాను. పళ్లెంలోంచి నేనే ఒక ముక్క తీసుకుని తిన్నాను. ఆమె నొచ్చుకున్నట్లు కనిపించలేదు. కానీ నాలో ఉన్న ఆ కాస్త ఎడం అమ్మ కంటబడింది.

ఇప్పుడు చెప్పాల్సిన విషయానికి వస్తాను. మా ఇంటి ముందు మూడు దారులు కలుస్తాయి. అమావాస్యకు చుట్టుపక్కల వాళ్లు దిష్టి తీసి ఆ మూడు దారుల దగ్గరే వదులుతారు. నిమ్మకాయలు, పగలగొట్టిన గుమ్మడికాయ, పసుపన్నం, కోడిగుడ్డు, కుంకుమ. తెల్లారి వాటిని ఎవరూ తొక్కరు, ఎవరూ ముట్టరు. మునిసిపాలిటీ ఊడ్చే ఆమె కూడా వాటి చుట్టూ ఊడ్చి, మధ్యాహ్నం ఎండ పడ్డాక కట్టెతో పక్కకు నెడుతుంది. ఒక వానాకాలం పొద్దున నేను బండి మీద వస్తూ ఆ గుమ్మడి ముక్క మీద జారి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. చదువుకున్నవాణ్ని కదా, కోపం వచ్చింది. రోడ్డు మీద ఈ గలీజు ఏమిటని అరిచాను. ఊడ్చి పారేయమని సరితకు చెప్పాను. చస్తే ముట్టనంది. అమ్మ అయితే నా వైపు చూడనే లేదు. నేను ఊడ్వవచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. నాకూ తోచింది. చీపురు దాకా పోయి ఆగిపోయాను. నమ్మకం లేదని నోటితో చెప్పడం వేరు, చేత్తో ముట్టడం వేరు.

అప్పుడే సెలామ్ వాకిలి ఊడ్వడానికి దిగింది. నేను ఆమెకు ఆ కుప్ప చూపించి, దాన్ని కూడా ఊడ్చేయమన్నాను. ఆమె దగ్గరికి పోయి వంగి చూసింది. కుంకుమ చూసి ఆగింది.

"అన్నా, గిది దేవునిదా? ముట్టచ్చునా?"

"దేవునిది గాదు, ఎవనిది గాదు. ఉత్త చెత్త. ఊడ్చెయ్" అన్నాను.

ఆమె అడిగింది. ఆ సంగతి ఎవరూ మరిచిపోకూడదని దీన్ని రాస్తున్నాను. తెలియక ముట్టిన మనిషి కాదు ఆమె. ముట్టే ముందు తెలిసినవాణ్ని అడిగిన మనిషి. నాకు భయమైన పనిని, భయపడాలని తెలియని మనిషి చేత చేయించాను. ఆ రోజే కాదు, తరువాత ప్రతి అమావాస్య తెల్లారీ ఆమె నా మాట మీద ఊడ్చి, రెండు చెంబుల నీళ్లు కూడా చల్లేది. నేను బండి మీద నిశ్చింతగా పోయేవాణ్ని.

ఎదురింట్లో యాదగిరి ఉంటాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. భార్య నర్సమ్మ. వాళ్ల కూతురి కొడుకు బబ్లూ నాలుగేళ్లవాడు, వాళ్ల దగ్గరే పెరుగుతున్నాడు. దసరా పోయాక పిల్లవాడికి జ్వరం పట్టుకుంది. అమావాస్య నాడు దిష్టి తీసి మూడు దారుల దగ్గర పెట్టారు. తెల్లారి సెలామ్ దాన్ని ఊడ్చి, బకెట్లోకి ఎత్తి, మా ఇంటి వెనక చెత్తడబ్బాలో వేయడానికి గేటు లోపలికి తీసుకుపోతుంటే నర్సమ్మ చూసింది. అదే రోజు పిల్లవాడికి జ్వరం ముదిరి పెద్ద దవాఖానలో చేర్చారు. మూడో రోజు సాయంత్రం మా గేటు ముందు ఏడెనిమిది మంది పోగయ్యారు.

నర్సమ్మ ఏడుస్తూనే అడిగింది. "తీసేసిన దిష్టిని ఎత్తుకొని ఇంట్లకు కొంటవోతవా? పసిపోరడు నీకేం జేసిండమ్మా? నిన్నెవరు ముట్టమన్నరు?" వెనక నుంచి ఎవరో, పైన బకెట్లలో వీళ్లు ఏం పులియబెడుతున్నారో ఎవరికి తెలుసు అన్నారు. ఇంకొకరు ఆమె ఒంటి రంగు గురించి ఒక మాట అన్నారు. అది రాయను. ఆ బకెట్లో ఉన్నది మా అమ్మ తెప్పించిన తైద పిండి. ఆ సంగతి తెలిసినవాణ్ని అక్కడే మెట్ల మీద నీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నాను.

సెలామ్ నెమ్మదిగా తల తిప్పి నన్ను చూసింది. నిష్ఠూరంగా కాదు. ఎవరైనా మాట్లాడబోతుంటే దారి ఇస్తాం చూడండి, అలా చూసింది. నేను కాలనీ కమిటీ కార్యదర్శిని, పెళ్లి కావాల్సిన కూతురు ఉన్నవాణ్ని. పక్కవాళ్ల దిష్టిని కిరాయికి ఉన్న ఆమె చేత ఎత్తించానని తెలిస్తే ఎదురింటివాళ్లు నా ముఖం చూస్తారా? కొంచెం కోపాలు చల్లారాక చెబుదామనుకున్నాను. అప్పటికి అది అబద్ధమని కూడా నాకు అనిపించలేదు. గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఇంకొంచెం ఆగింది. తరువాత వాళ్ల పద్ధతిలో నడుము దాకా వంగి నర్సమ్మతో అంది. "నాకు తెల్వదు అక్కా. తప్పయింది. మాఫ్ చెయ్యి."

నెలాఖరుకు వాళ్లను ఖాళీ చేయించాలని పెద్దమనుషులు చెప్పారు. నేను మేడ మీదికి పోయి, మా చుట్టాలు వస్తున్నారు, వాటా కావాలని చెప్పాను. అది రెండో అబద్ధం. సెలామ్ చిన్న బొగ్గుల కుంపటి మీద కాఫీ గింజలు వేయించుతోంది. విని తల ఊపి, కూర్చోమని పీట జరిపింది. దావీత్ నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. వచ్చే నెలలో తన భార్యాబిడ్డలకు ఈ దేశంలో ఉండే అనుమతి గడువు పొడిగించుకోవాలని, దానికి ఇంటి యజమాని రాసిచ్చిన కాగితం జతచేయాలని చెప్పాడు. ఇల్లు లేకపోతే వాళ్లిద్దరూ తిరిగి పోవాలి. చదువు అయ్యేదాకా తను ఒక్కడే ఉండాలి. ఇంకా రెండేళ్లు. ఇదంతా వాన పడేట్లుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. చూద్దాం అని చెప్పి నేను దిగి వచ్చాను.

పదిహేను రోజులు వాళ్లు ఇల్లు వెతికారు. వాళ్లకంటే ముందు వాళ్ల కబురు పోయేది. ఈలోగా బబ్లూ బాగై ఇంటికి వచ్చాడు. అయినా ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. మార్త కింద ఆడుకోవడానికి దిగడం మానేసింది. మేడ కమ్మీల సందుల్లోంచి రోడ్డు చూస్తూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం నేను భోజనం చేస్తుంటే అమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ పిల్లకు ఊడ్వుమని ఎవరు చెప్పిన్రు, మల్లేశూ?"

నేను అన్నం కలుపుతూనే ఉన్నాను.

"నేను ఇన్న. గా దినం నేను ఇంట్లనే ఉన్నగదరా. దేవునిదా అని అడిగింది గూడ ఇన్న."

"ఇరుగు పొరుగుతోని బతకాలె గదనే అమ్మా" అన్నాను.

"మరి ఆమె ఎవరితోని బతకాలె?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. మరునాడు పొద్దున తన రేకు పెట్టె సర్దుకుని మెట్ల దగ్గర పెట్టించింది. దేవరకొండ రోడ్డులో మా సొంతూరు. అక్కడ మా పెంకుటిల్లు ఒకటి ఖాళీగా ఉంది. మా మేనమామ అందులో గొర్రెలకు మేత వేసుకునేవాడు. తను ఊరికి పోతున్నానని, పైన ఉన్నవాళ్లు కూడా తనతోనే వస్తున్నారని అమ్మ చెప్పింది. ఇల్లు నా పేరు మీద ఉంది కాబట్టి కాగితం మాత్రం నేను రాసివ్వాలి. "గంత మాత్రం జెయ్యి" అంది. నేను ఆ రోజే రాసిచ్చాను. ఆ కాగితం మీద వాళ్లకు అనుమతి దొరికింది. నేను చేసిన మేలు అంటూ ఉంటే అది ఆ ఒక్క సంతకం. అది కూడా అమ్మ చెబితే చేసింది.

ఆ ఇంట్లో వాళ్లు రెండేళ్లు ఉన్నారు. నేను ఆదివారాలు పోయేవాణ్ని. మొదటి ఆదివారం గోడలకు సున్నం, రెండో ఆదివారం పొయ్యి గూట్లో కొత్త మట్టి, నాలుగో ఆదివారానికి వాకిట్లో ఐదారుగురు ఆడవాళ్లు. సెలామ్ కాఫీ గింజలు అక్కడే వేయించి, దంచి, కాచి, చిన్న చిన్న గిన్నెల్లో పోసేది. మూడు విడతలు తాగాకే లేవాలి. మొదట అందరూ మొహం చిట్లించి చక్కెర ఎక్కువ అడిగారు. తరువాత పత్తి ఏరి వచ్చి, కాళ్లు కడుక్కుని తామే వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్ల మతంలో బుధవారం, శుక్రవారం మాంసం, పాలు ముట్టరు. ఊళ్లో దానికి ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. మనకు శనివారం ఒక్కపొద్దు, ఆమెకు రెండు ఒక్కపొద్దులు, భక్తి మనకంటే ఎక్కువే అన్నారు. ఒకరోజు మా మేనమామ ఉన్ని వడికే కదురు అరుగు మీద పెట్టి పోతే, సెలామ్ దాన్ని తీసుకుని తొడ మీద ఒక్కసారి తిప్పి వదిలింది. సన్నని దారం, ఎక్కడా ముడి లేదు. వాళ్ల ఊళ్లో పత్తిని అట్లాగే వడుకుతారట. మా మేనమామ చూసి, ఈమెను ఏ దేశం నుంచి తెచ్చిన్రే, మన కురుమోళ్ల పిల్లనే గదా అన్నాడు. మార్త బడిలో చేరింది. దావీత్ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. కండక్టర్లు అతని కోసం రెండు నిమిషాలు బస్సు ఆపేవాళ్లు.

ఈ ముచ్చట బయటికి పొక్కింది. ఒక పత్రికవాళ్లు వచ్చి ఫోటో తీశారు. విదేశీ కుటుంబానికి సొంత ఇల్లు ఇచ్చిన ఉద్యోగి అని నా పేరు వేశారు. జెండా పండుగ నాడు ఊరి బడిలో సర్పంచ్ నాకు శాలువా కప్పాడు. సెలామ్ ముందు వరుసలో ఆడవాళ్ల మధ్య కూర్చుని చప్పట్లు కొట్టింది. అమ్మ కొట్టలేదు. ఆ మధ్యాహ్నం అందరూ పోయాక నేను అరుగు మీద సెలామ్ దగ్గర కూర్చున్నాను. ఆమె ఉన్ని వడుకుతోంది. ఆ రోజు గేటు దగ్గర నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె కదురు ఆపలేదు.

"అది నా మాట గాదు అన్నా, నీది. నీ నోట్ల మాట నేనెట్ల తీస్త?"

కొంచెం దారం లాగింది. "నువ్వే చెప్తవనుకున్న. గా దినం గాకుంటే తెల్లారి. తెల్లారి గాకుంటే ఇంకొన్ని దినాలకు."

"ఇప్పుడు?" అన్నాను.

"ఇంకా అనుకుంటనే ఉన్న."

కోప్పడితే భరించేవాణ్ని. క్షమించానంటే ఇంటికి పోయి హాయిగా పడుకునేవాణ్ని. ఆమె ఆ రెండూ చేయలేదు. నేను చెప్పగలనని నమ్ముతూ కూర్చుంది. అంత నమ్మకం నా మీద అంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఆ తరువాత కూడా నేను చాలా నెలలు ఏమీ చేయలేదు. అది కూడా రాయాలి.

దావీత్ చదువు ముగిసింది. వాళ్లు పోయే వారం సెలామ్ కూతురిని తీసుకుని నల్గొండ వచ్చి, మా కాలనీలో ఇల్లిల్లూ తిరిగి పోయొస్తానని చెబుతానంది. నర్సమ్మ ఇంటికి కూడానా అని సరిత అడిగింది. ముందు అక్కడికే అంది సెలామ్. నేను ఇంట్లోనే ఉండిపోవచ్చు. ఆఫీసు పని కూడా ఉంది. చెప్పులు వేసుకుని ఆమె వెనకాలే నడిచాను. రోడ్డు దాటడం అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

యాదగిరి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నర్సమ్మ గడపలో నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. సెలామ్ వంగి దండం పెట్టింది. ఆమె నోరు తెరవకముందే నేను మాట్లాడాను.

"అక్కా, గా దినం ఊడ్వుమన్నది నేనే. దేవునిదా, ముట్టచ్చునా అని నన్నడిగింది. చెత్త, ఊడ్చెయ్ అని నేనే చెప్పిన. మీరందరు వచ్చినప్పుడు నోరు మూసుకొని నిలవడ్డ."

యాదగిరి పేపరు దించాడు. వంటింట్లో కుక్కర్ రెండు కూతలు కూసింది. నర్సమ్మ నన్ను చూడలేదు, సెలామ్‌ను చూసింది. "మరి నువ్వెందుకు చెప్పలేదే, పిచ్చిదానా?" అంది. సెలామ్ ఆమెను మోకాళ్ల నొప్పి తగ్గిందా, కూతురు మంచిగుందా, బబ్లూ బడికి పోతున్నాడా అని వరసగా అడగడం మొదలుపెట్టింది. నర్సమ్మ ఒక్కోదానికి జవాబు చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత నా వైపు తిరిగింది. "రెండేండ్లు ఈ పిల్ల పేరు దీస్తే ఉమ్మేసిన గదయ్యా నేను. నీకేమో శాలువా గప్పిన్రు. సిగ్గు లేకపాయె, గంత చలి వెట్టిందా నీకు, కప్పుకుంటివి?"

ఆమె సెలామ్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, బొట్టు పెట్టి, రవిక గుడ్డ పెట్టింది. మార్త బబ్లూతో కలిసి డాబా మీదికి పరుగెత్తింది. నన్ను ఎవరూ లోపలికి రమ్మనలేదు. వరండాలో యాదగిరి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన ఒక కుర్చీ నా వైపు కాలితో నెట్టాడు. ఇది ఇక్కడితో ఆపుదాం, నీ బిడ్డ పెళ్లి ఉంది, నలుగురిలో ఎందుకు అన్నాడు. నేను ఆ మాటను సంతోషంగా పట్టుకున్నాను. అందుకే మిగతా కాలనీకి, ఇది చదివేదాకా, శాలువా కథే తెలుసు.

వాళ్లు పోయిన వారానికి అమ్మ మా ఇంటికి తిరిగి వచ్చింది. ఇప్పుడు సెలామ్ తన కొండ ఊళ్లో, ఇక్కడి నుంచి పట్టుకుపోయిన తైద విత్తనం చిన్న మడిలో వేసిందట. ఫోనులో అమ్మతో గంట మాట్లాడుతుంది. అందులో ముప్పావు గంట పలకరింపులే. ఇది రాస్తున్నానని నర్సమ్మకు చెప్పి, పేర్లు తీసేయమంటే తీసేస్తానన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఉండనియ్యి. నేనెన్ని మాటలన్ననో అవిగూడ రాయి" అంది. ఆమె నాకంటే తొందరగా ఒప్పుకుంది.

నాకు భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ ముందు భయమే వస్తుంది, మాట తరువాతే వస్తుంది. మూడు వారాల కింద మా ఆఫీసులో ఒక రైతు దరఖాస్తు వేరే మండలం కట్టలో కలిసిపోయి, అతను నాలుగుసార్లు ఊరి నుంచి తిరగాల్సి వచ్చింది. మా అధికారి అందరినీ పిలిచి, కొత్తగా చేరిన అమ్మాయి వైపు చూసి, ఈ కట్ట ఎవరు కట్టారని అడిగారు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. బహుశా తనే కట్టిందేమో అని లోపల్లోపల వెతుక్కుంటోంది. కట్టింది నేను. ఇంకో ఐదేళ్లలో రిటైరయ్యే మనిషిని, అందరి ముందూ ఒప్పుకోవాలంటే ముందు భయమే వచ్చింది. కానీ ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచేలోపే చెప్పాను.